డ్రమ్ములు కొనే ముందు ఒకసారి చదువు

అబ్బాయ్,

గిన్నీ కోళ్లు, కంజు పిట్టలు (క్వెయిల్) రెండూ ఒకేసారి మొదలుపెట్టావని, దాణా తొట్లు చేయడానికి పాత డ్రమ్ములు కొనబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి ఆలోచన. బజార్లో అమ్మే ఫీడర్ల కన్నా చేత్తో చేసుకున్న డ్రమ్ము తొట్టి ఎక్కువ కాలం వస్తుంది, ఖర్చూ తక్కువే. కానీ 200 లీటర్ల పెద్ద డ్రమ్ములు బేరం ఆడుతున్నావట, అది మాత్రం వద్దు. ఎందుకో చెప్తాను.

పెద్ద గిన్నీ కోడి రోజుకి సుమారు 100 గ్రాముల దాణా తింటుంది. నీ 50 కోళ్లకి రోజుకి 5 కిలోలు, బయట తిరిగి పురుగూ పుట్రా ఏరుకుంటే ఇంకా తక్కువే. 200 లీటర్ల డ్రమ్ములో 120 కిలోల దాకా పడుతుంది. అంటే ఒకసారి నింపిన దాణా మూడు వారాలు దాటినా ఇంకా డ్రమ్ములోనే ఉంటుంది. మీ కనిగిరి ఎండకి నీలం డ్రమ్ము లోపల ఉడికిపోతుంది, దాణాలోని నూనె ముక్కిపోయిన వాసన వస్తుంది. ఆ ఎండలు పోయాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, ముసురు, తుఫాన్లు. చెమ్మ తగిలిందంటే మొక్కజొన్నకి, వేరుశనగ చెక్కకి బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కోడి కాలేయాన్ని తినేస్తుంది, ఎండబెట్టినా వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. పిట్ట బరువు పెరగదు, గుడ్డు తగ్గుతుంది, నువ్వేమో జబ్బు అనుకుని మందుల షాపు చుట్టూ తిరుగుతుంటావు. అందుకే 50 లీటర్ల డ్రమ్ములు నాలుగు తీసుకుని ఒక్కోదాంట్లో ఏడెనిమిది కిలోలే పొయ్యి. వారం లోపల ఖాళీ అవ్వాలి, అదొక్కటే లెక్క. నాలుగు ఎందుకంటావా, ఒకే తొట్టి ఉంటే బలమైన పుంజులు దాని దగ్గర కాపలా కాసి బక్కవాటిని తరిమేస్తాయి. నాలుగు చోట్ల పెడితే ఆ గొడవ ఉండదు.

ఇక డ్రమ్ము ఎక్కడిదన్నది అన్నిటికన్నా ముఖ్యం. మా వైపు రొయ్యల గుంటల దగ్గర ఖాళీ డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి, నీకూ ఎవరో ఒకరు తెచ్చిస్తామంటారు, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. వాటిలో శానిటైజర్లు, అయోడిన్, ఫార్మలిన్ లాంటివి వస్తాయి. పురుగుమందు డ్రమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ లోపలికి ఇంకిన మందు ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోతుందని నమ్మకం లేదు. పచ్చళ్లు, గ్లూకోజ్ పాకం, వంటనూనె వచ్చిన డ్రమ్ములే తీసుకో, బేకరీలు, స్వీట్ షాపుల వాళ్లని అడిగితే ఇస్తారు. లేబుల్ చింపేసిన డ్రమ్మును అసలు ముట్టుకోకు. అడుగున ముక్కోణంలో 2 అంకె ఉంటే హెచ్‌డీపీఈ అని అర్థం, గట్టి ప్లాస్టిక్. ఆ అంకె ప్లాస్టిక్ రకమే చెప్తుంది, లోపల ఏం పోశారో చెప్పదు, అది గుర్తుపెట్టుకో. సబ్బుతో కడిగి, రాత్రంతా నీళ్లు నింపి ఉంచి, పొద్దున మూత తీసి వాసన చూడు. ఏ కొంచెం మందు వాసన వచ్చినా పక్కన పడెయ్.

ఇనప డ్రమ్ము జోలికి వెళ్లొద్దు. థిన్నరో, డీజిలో, ఆయిలో ఉండిన డ్రమ్ముని గ్రైండర్‌తో కోసినా, వెల్డింగ్ పెట్టినా లోపల మిగిలిన ఆవిరి అంటుకుని పేలుతుంది. ఖాళీదే కదా అనుకుంటారు గానీ ఖాళీదానిలోనే ప్రమాదం. నాకు నీ కళ్లూ చేతులూ ముఖ్యం నాయనా, కోళ్లు తర్వాత.

గిన్నీ కోళ్ల తొట్టికి 110 ఎంఎం పీవీసీ ఎల్బోలు, అంటే మోచేతిలా వంగిన పైపు ముక్కలు కావాలి, డ్రమ్ముకి మూడు. నాలుగోది పెడితే లోపల ఒకదానికొకటి అడ్డమై దాణా జారదు. గిన్నీ కోడి నెత్తి మీద కొమ్ములాగా ఉంటుంది చూడు, దానికి 75 ఎంఎం ఎల్బో ఇరుకు. ఎల్బో ఒక మూతి డ్రమ్ము బయటికి, రెండోది లోపల కిందికి చూడాలి, ఆ లోపలి మూతి అడుగుకి రెండు అంగుళాల ఎత్తులో ఆగాలి. దాణా ఆ మూతి దాకానే లేస్తుంది, పిట్ట తల దూర్చి తింటుంది, బయటికి గీకి పోయలేదు. ముందు ఎల్బోని డ్రమ్ముకి ఆనించి మార్కర్‌తో గీత గీసుకో, గీతకి కొంచెం లోపలే కోసి, సరిపోయేదాకా ఆకురాయితో అరగదీస్తూ పో. ఒక్కసారే పెద్దగా కోస్తే ఎల్బో ఊగులాడుతుంది, ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి. సిలికాన్ బయటివైపే పుయ్యి, లోపల పూస్తే పొడుచుకుని మింగుతాయి. అంచుల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి చూడు, ఎక్కడ గుచ్చుకున్నా గరుకు కాగితంతో రుద్దు.

డ్రమ్ము అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి మధ్యలో కుప్ప కదలకుండా మిగిలిపోతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. ఒక ప్లాస్టిక్ గరాటు కాడ కోసి, ఆ రంధ్రం మూసి, మధ్యలో బోర్లించు. దాణా ఎల్బోల వైపు జారుతుంది. మెత్తటి పొడి దాణా అయితే ముసురు రోజుల్లో పైన కప్పులా గడ్డకట్టి కింద ఖాళీగా ఉంటుంది, డ్రమ్ము నిండుగా ఉందని నువ్వు అనుకుంటావు, కోళ్లు పస్తుంటాయి. రవ్వ దాణా వాడు, లేదా రోజూ పొద్దున్నే డ్రమ్ముని నాలుగు తట్టు.

కంజు పిట్టలకి ఈ ఎల్బో తొట్టి పనికిరాదు. 20 లీటర్ల చిన్న డ్రమ్ము అడుగు అంచున బొటనవేలు పట్టే రంధ్రాలు చుట్టూ పెట్టి, రెండు అంగుళాల అంచున్న పళ్లెంలో నిలబెట్టు. పళ్లెంలో దాణా మీద అర అంగుళం కన్నుల జాలీ ముక్క గుండ్రంగా కోసి పరిస్తే ముక్కుతో చిమ్మలేవు. జాలీ లేకపోతే ఈ పిట్టలు చేసే వృథా నువ్వు ఊహించలేవు. పిల్లలకి మాత్రం ఏ డ్రమ్మూ వద్దు, మొదటి వారాల్లో పలచటి పళ్లెమే పెట్టు, రెండు జాతుల పిల్లలకీ ప్రొటీన్ 24 శాతం దాకా ఉన్న దాణా వెయ్యి. కంజు పిల్ల బొటనవేలంత ఉంటుంది, నీళ్ల పళ్లెంలో పడి చచ్చిపోతుంది, గులకరాళ్లు వేసి ఉంచు. అన్నట్టు, చేలల్లో వల వేసి పట్టిన కంజులో కౌజులో చవగ్గా ఇస్తామని ఎవరైనా వస్తే కొనకు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. హ్యాచరీలో పెంచిన జపాన్ జాతివే తెచ్చుకో, బిల్లు దాచుకో.

తొట్టిని వేపచెట్టు నీడలో రేకు కింద, ఇటుకల మీద పెట్టు. ఎల్బో మూతి పిట్ట వీపు ఎత్తుకి రావాలి, పెరిగేకొద్దీ ఇటుకలు పెంచుతూ ఉండు. పొద్దు గూకగానే మూతులకి మూతలు పెట్టెయ్, లేకపోతే నీ దాణా ఎలుకలు తింటాయి, వాటి కోసం పాములు వస్తాయి.

పెట్టిన రోజే కింద పాత టార్పాలిన్ ముక్క పరిచి, మర్నాడు దాని మీద రాలింది ఊడ్చి తూకం వెయ్యి. కోళ్ల పెంపకంలో ఖర్చు సగానికి పైగా దాణాదే, నేల మీద పడిందంతా నీ జేబులోంచి పోయిందే. పిడికెడు కన్నా ఎక్కువ రాలితే తొట్టి ఎత్తు చాల్లేదు, ఇంకో వరస ఇటుకలు వెయ్యి.

గిన్నీ కోళ్లు కొత్త వస్తువంటే బెదురుతాయి, ఊరంతా వినపడేలా అరుస్తాయి, ఒకటి రెండు రోజులు తొట్టి దగ్గరికే రావు. టెన్షన్ పడకు. పాత పళ్లేలు అలాగే ఉంచి, ఎల్బోల మూతుల్లో నాలుగు జొన్న గింజలు కనపడేలా వెయ్యి. అన్నీ తల పెట్టి తినడం నీ కళ్లతో చూశాకే పళ్లేలు తీసెయ్. మొదటి డ్రమ్ము కొయ్యడానికి ముందు గీతలు గీసి ఫోటో పంపు, చూసి చెప్తాను.

మీ పెదనాన్న