బండి సందేహాలు: తాళంచెవి లోపల, డ్రైవరు బయట

ప్రశ్న: మాది పదిహేనేళ్లు దాటిన డీజిల్ పికప్. టమాటా లోడుతో వెళ్లి, ఇంజిన్ ఆడుతుండగానే దిగి డోర్ వేశాను. లాక్ నాబ్ కిందికి నొక్కి ఉండటంతో లాక్ పడిపోయింది. తాళంచెవి లోపలే ఉంది. ఆ రోజు అద్దం పగలగొట్టాల్సి వచ్చింది. వేరే దారి ఉందా అండీ?
- ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ఉంది. మీది పాత బండి కావడం ఇక్కడ మంచికే వచ్చింది.

ఇంజిన్ ఆడుతోందని హడావిడి పడకండి. కూలెంట్ సరిగ్గా ఉంటే డీజిల్ ఇంజిన్ గంటసేపు ఐడిల్‌లో ఆడినా దానికేమీ కాదు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాకే పని మొదలుపెట్టండి.

మొదట క్లీనర్ వైపు డోర్ లాగి చూడండి. వినడానికి తేలిగ్గా ఉన్నా, కంగారులో చాలామంది మరిచిపోయేది ఇదే. ఏ అద్దమైనా వేలెడు సందు దిగి ఉంటే సగం పని అయినట్టే. 3 మి.మీ. జీఐ వైరు నాలుగడుగులు తీసుకుని, కొసన కొక్కెంలా వంచి, రంగు గీరుకుపోకుండా టేపు చుట్టండి. దాన్ని లోపలికి దించి నాబ్‌నైనా లాగవచ్చు, అద్దం దించే హ్యాండిల్‌నైనా తిప్పవచ్చు.

అద్దాలన్నీ బిగిసి ఉంటే ప్యాకింగ్ పట్టీ వాడాలి. అట్టపెట్టెలకు చుట్టే గట్టి ప్లాస్టిక్ పట్టీ యార్డులో ఎక్కడైనా దొరుకుతుంది. మీటరున్నర ముక్క తీసుకుని సరిగ్గా సగానికి మడిచి, మడత పదునుగా నొక్కండి. ఒకవైపు పలచగా చెక్కిన చెక్కముక్కకు గుడ్డ చుట్టి, డోర్ పైభాగంలో వెనక మూల, అంటే కీళ్లు లేని వైపు, సందులో మెల్లగా దూర్చండి. ఆ సందు పట్టీ దూరేంత ఉంటే చాలు. అంతకంటే తెరిస్తే ఫ్రేము వంగుతుంది. వంగితే రబ్బరు బీడింగ్ సరిగ్గా అతుక్కోక వాననీళ్లు లోపలికొస్తాయి.

మడత కొసను ముందుగా పోనిచ్చి, అద్దం వెంట నాబ్ దాకా దించండి. పట్టీ ఒక కొసను లోపలికి నెడితే మడత ఉచ్చులా విచ్చుకుంటుంది. ఉచ్చును నాబ్‌కు తగిలించి, రెండు కొసలూ లాగి బిగించి, నిటారుగా పైకి ఎత్తండి. తల లావుగా ఉన్న నాబ్ అయితే చక్కగా పట్టుకుంటుంది. పైకి పోయేకొద్దీ సన్నబడే నున్నటి నాబ్ అయితే ఉచ్చు జారిపోతుంది. రెండు మూడుసార్లు జారితే ఇక ఆపేసి తాళాలు చేసేవాళ్లను పిలవండి.

వాళ్లు అద్దానికీ బయటి బీడింగుకీ మధ్య సన్నటి ఇనుప పట్టీ దించి, లోపలి రాడ్‌ను కదుపుతారు. ఆ పని చేయి తిరిగినవాళ్లదే. తెలియకుండా కెలికితే రాడ్ క్లిప్పు నుంచి ఊడుతుంది. తర్వాత సెంట్రల్ లాక్ వేయించిన బండైతే వైర్లు తెగుతాయి. వచ్చినవాళ్లు ఆర్సీ అడిగితే విసుక్కోకండి. అడగడమే మంచి లక్షణం. కాగితం బండిలోనే ఉండిపోతే ఫోన్‌లో డిజిలాకర్ చూపించండి.

ప్రశ్న: పసిపిల్ల లోపల ఉండగా లాక్ పడితే?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పైన చెప్పినవేవీ చేయవద్దు. ఎండలో ఆపిన క్యాబిన్‌లో వేడి మొదటి పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. 112కు ఫోన్ చేయమని ఒకరికి చెప్పి, పిల్లకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని కింది మూలలో వీల్ స్పానర్ కొసతో గట్టిగా కొట్టండి. మధ్యలో కొడితే తట్టుకుంటుంది, మూలలో పగులుతుంది. ముందు అద్దం జోలికి పోవద్దు. రెండు గాజు పలకల మధ్య పొర ఉంటుంది కాబట్టి అది బీటలు వారుతుందే తప్ప రాలదు.

ప్రశ్న: తాళంచెవి తిరుగుతోంది, కానీ డ్రైవర్ డోర్ తెరుచుకోవడం లేదు. లాక్ మొత్తం మార్చాలంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: తాళంచెవి బరువు లేకుండా వదులుగా తిరుగుతుంటే లాక్ బాగానే ఉండవచ్చు. లాక్ వెనకున్న చిన్న మీటను రాడ్‌తో కలిపే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకు అది పెళుసెక్కుతుంది.

అవతలి డోర్‌కు తాళంచెవి రంధ్రం ఉంటే అటు తెరిచి, లోపలి నుంచి డ్రైవర్ వైపు నాబ్ ఎత్తండి. అద్దం పూర్తిగా పైకి ఎక్కించండి, అప్పుడే డోర్ లోపల చేయి పట్టే చోటుంటుంది. అద్దం హ్యాండిల్‌కు మధ్యలో స్క్రూ లేకపోతే వెనక స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. హ్యాండిల్ వెనక సన్నటి గుడ్డపీలిక దూర్చి అటూ ఇటూ లాగితే అది బయటికి వస్తుంది. కోల్పోకుండా చూసుకోండి. ఆర్మ్‌రెస్ట్ స్క్రూలు విప్పి, డోర్ ప్యాడ్‌ను అంచుల నుంచి తీసి, పాలిథిన్ షీట్ మెల్లగా ఊడదీస్తే రాడ్ కనిపిస్తుంది.

విరిగిన క్లిప్పును దుకాణానికి పట్టుకెళ్లండి. రాడ్ మందాన్ని బట్టి సైజు మారుతుంది, కుడి ఎడమలకు వేరువేరుగా కూడా ఉంటాయి. బైండింగ్ వైరుతో కట్టడం ఇల్లు చేరడానికే పనికొస్తుంది. బిగించేటప్పుడు పాలిథిన్ షీట్‌ను తప్పక తిరిగి అంటించండి. అద్దం మీంచి డోర్‌లోకి దిగే వాననీటిని క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. చాలా షెడ్లలో దాన్ని చింపి పారేస్తారు, అది తప్పు.

ప్రశ్న: తాళంచెవి డోర్ లాక్‌లో సగానికి విరిగింది. ఎలా తీయాలి?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: జిగురు పెట్టి మిగిలిన సగం అతికించి లాగాలని చూడకండి, లాక్ పూర్తిగా పోతుంది. తాళంచెవి ఏ స్థితిలో లోపలికి వెళ్తుందో ఆ స్థితికి లాక్‌ను సన్నటి స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. అలా కాకుండా ముక్క రాదు. తుప్పు వదిలించే స్ప్రే కొంచెం కొట్టి, చెక్కపని వాళ్ల సన్నటి రంపపు బ్లేడును పళ్లు మీ వైపుకు ఉండేలా ముక్క పక్కన దూర్చి, పళ్లకు తగిలించి బయటికి లాగండి.

రెండు ముక్కలూ దాచి ఉంచండి, వాటిని బట్టి కొత్తది కోయవచ్చు. కానీ అరిగిన తాళంచెవికి నకలు తీస్తే అరుగుదల కూడా నకలవుతుంది. వాడని స్పేర్ ఉంటే దాన్నే నమూనాగా ఇవ్వండి, లేదా బండితో వచ్చిన ట్యాగ్ మీది కీ నంబరు చూపించండి. చిప్ లేని పాత రకం తాళంచెవి అయితే మామూలు దుకాణంలోనే అవుతుంది. ఇకముందు లాక్‌లో నూనె పోయవద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి చిటికెడు చాలు. చేయించిన స్పేర్‌ను ఛాసిస్ కింద వైరుతో కట్టి పెట్టకండి, దొంగ ముందు వెతికేది అక్కడే. ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి.