లిఫ్టు రిపేరుతో ఆగకండి, నిధుల లెక్క అడగండి

మీ ప్రభుత్వ కాలనీ బ్లాకు వాళ్లంతా కలిసి తమిళనాడు ముఖ్యమంత్రికి వినతిపత్రం పెడదామనుకుంటున్నారని, దానివల్ల ఏమైనా జరుగుతుందా, అందులో ఏం రాయాలి అని అడిగారు. తప్పకుండా పెట్టండి. మేం రెండుసార్లు పెట్టాం. మొదటిసారి మేం చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా తాతలు నెల్లూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో చింతాద్రిపేట దగ్గర కూవం నది ఒడ్డున గుడిసె వేసుకున్నారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అమ్మ వీధులు ఊడ్చే పని చేసేది. ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే పని చోటు. 2015 డిసెంబరు వరదల తర్వాత నది ఒడ్డున ఉన్నవాళ్లను పెరుంబాక్కం లాంటి దూరపు కాలనీలకు తరలించారు కదా, అలాంటి వాటిలో ఒకదానికి మేమూ వెళ్లాం. ఎనిమిది అంతస్తుల బ్లాకు, మాది ఆరో అంతస్తు. పక్కా ఇల్లు దొరికింది, ఆ మాట కాదనను. వాన పడితే సామాను మంచం మీదికి ఎక్కించే బాధ తప్పింది. కానీ అమ్మ మూడున్నరకు లేచి రెండు బస్సులు మారాల్సి వచ్చింది. జీతంలో ఎంత బస్సుకే పోయేదో మాకు తెలుసు.

2021 మే 7న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజే సాధారణ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదని సంతకం పెట్టారు. ఆ నెల నుంచి అమ్మకు బస్సు ఖర్చు మిగిలింది. "సీఎంకి రాస్తే ఏమొస్తుంది" అనేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. ఆ కుర్చీలోంచి పడిన ఒక్క సంతకం మా వంటింటి దాకా వచ్చింది.

ఇక మా పొరపాటు. మా లిఫ్టు నెలన్నర పనిచేయలేదు. నీళ్ల మోటారు కూడా అప్పుడే కాలిపోయింది. అన్ని అంతస్తులకూ ప్లాస్టిక్ బిందెలు మోశాం. మా పై ఇంట్లో షుగరు వల్ల ఒక కాలు తీసేసిన పెద్దాయన ఉంటారు. ఆయన్ని ఆసుపత్రికి కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం కిందికి దించాం. ఆ కోపంలోనే ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1100కు ఫోన్ చేశాం, వినతిపత్రమూ పెట్టాం. "లిఫ్టు, మోటారు బాగుచేయించండి" అన్న ఒక్క ముక్కే రాశాం. మూడు వారాల్లో చేశారు. అందరం సంతోషించాం. నాలుగు నెలలకు లిఫ్టు మళ్లీ ఆగింది.

అప్పుడు మా సంఘం వాళ్లం కూర్చుని లెక్క చూశాం. ప్రభుత్వ కాలనీల నిర్వహణకు ఇక్కడ "నం కుడియిరుప్పు, నం పొరుప్పు" అని ఒక పథకం ఉంది. మన నివాసం, మన బాధ్యత అని అర్థం. నివాసుల సంఘం నెల నెలా ఎంత వసూలు చేస్తే ప్రభుత్వమూ అంత కలుపుతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మా బ్లాకులో 96 ఇళ్లు ఉంటే నెల డబ్బు కట్టగలిగేది నలభై లోపే. ఊరవతలికి వచ్చాక చాలామంది ఆడవాళ్లకు ఇళ్లల్లో పని పోయింది, వాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? మేం కట్టేది తక్కువ, కాబట్టి ప్రభుత్వం కలిపేదీ తక్కువ. ఖర్చు మాత్రం లిఫ్టు ఉన్న మాకే ఎక్కువ. నగరం మధ్యలో, పనికి దగ్గరగా, లిఫ్టు అవసరం లేని మూడంతస్తుల పాత కాలనీ వాళ్లు పూర్తిగా కట్టగలరు, పూర్తిగా అందుకోగలరు. వాళ్లకు రావద్దని నేననను. కట్టలేనివాడికి తక్కువ ఇచ్చే లెక్క మారాలి అంటున్నాను.

రెండో వినతిపత్రంలో ఇదే రాశాం. వసూలును బట్టి కాకుండా అంతస్తులు, లిఫ్టులు, మోటార్లు, ఇళ్ల సంఖ్య చూసి నిర్వహణ డబ్బు కేటాయించాలని. దాంతోపాటు, ఇల్లు కట్టే డబ్బు విషయంలో రాష్ట్రం తరఫున ఢిల్లీని అడగాలని కూడా కోరాం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణాల్లో 2015లో మొదలైనప్పుడు పేదల అపార్టుమెంట్లలో ఒక్కో ఇంటికి కేంద్రం వాటా లక్షన్నర. 2024లో రెండో విడత వచ్చింది, తమిళనాడుకు ఆ వాటా అదే లక్షన్నర. మధ్యలో సిమెంటు, ఇనుము, కూలి ఎంత పెరిగాయో మేస్త్రీని అడిగితే చెప్తాడు. అదే పథకం మొదటి విడతలో ఏడాదికి 18 లక్షల దాకా ఆదాయమున్న కుటుంబం బ్యాంకు లోను తీసుకుంటే వడ్డీ రాయితీ కింద 2 లక్షల 30 వేల దాకా దొరికేది, 2021 మార్చి వరకు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న మాలాంటి వాళ్ల అపార్టుమెంటు ఇంటికి కేంద్రం ఇచ్చే ఆ లక్షన్నర కంటే ఇది ఎక్కువ. కేంద్రం వాటా చాలక తక్కువపడినది రాష్ట్రం భరించాలి, రాష్ట్రం భరించనిది "లబ్ధిదారు వాటా" పేరుతో మన నెత్తిన పడుతుంది. ఆ వాటా కోసం వడ్డీకి తెచ్చినవాళ్లు మా వరండాలోనే ముగ్గురున్నారు.

ఈ రెండో వినతిపత్రానికి శాఖకు పంపామని జవాబు వచ్చింది, అంతే. బడ్జెట్ అయిపోయాక పెట్టాం, అది కూడా తప్పే. మీరు బడ్జెట్‌కు రెండు మూడు నెలల ముందే పెట్టండి, ఒక ప్రతి మీ ఎమ్మెల్యేకి ఇవ్వండి. గృహనిర్మాణ శాఖ పద్దు అసెంబ్లీలో చర్చకు వచ్చినప్పుడు ఆయన లేచి అడగడానికి చేతిలో కాగితం ఉండాలి. తమిళంలో, ఒక్క పేజీలో రాయండి. మీ బ్లాకు ఆరు నెలల వసూలు, ఖర్చు వెనక జతచేయండి. ప్రతి సంతకం పక్కన ఇంటి నంబరు ఉండాలి. సంతకం తెలుగులో పెట్టినా పర్వాలేదు, మా దాంట్లో మొదటి సంతకం అమ్మది, తెలుగులోనే పెట్టింది.

ఈసారి మేం మళ్లీ పెడుతున్నాం. మీదీ అప్పుడే వెళ్తే రెండు కాలనీల గొంతు అవుతుంది. మా తమిళ ప్రతి కావాలంటే చెప్పండి, పంపుతాను. అంకెలు మాత్రం మీ బ్లాకువి వేసుకోండి.