టెక్ సందేహాలు: రెండుసార్లు ఫార్మాట్ చేసినా కొత్త కంప్యూటర్ హ్యాంగ్ ఎందుకు అవుతోంది?

ప్రశ్న: ఐదు నెలల క్రితం విజయవాడలో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నాను. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. మొదట 8 జీబీ ర్యామ్ ఒక్కటే ఉండేది. నెల తర్వాత వేరే కంపెనీది ఇంకో 8 జీబీ వేయించాను. పాత కంప్యూటర్‌లోని 1 టీబీ హార్డ్‌డిస్క్‌ను కూడా ఇందులోనే పెట్టించాను. ఇంట్లోనే ఉండి నాలుగైదు షాపులకు ట్యాలీలో లెక్కలు రాస్తాను. రోజుకు రెండు మూడుసార్లు హ్యాంగ్ అవుతోంది. ఒక్కోసారి నిమిషం ఆగి దానంతట అదే కదులుతుంది. ఒక్కోసారి మౌస్ కూడా కదలదు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సిందే. షాపువాళ్లు రెండుసార్లు ఫార్మాట్ చేశారు. డేటా పోలేదు గానీ రెండు రోజులకే మళ్లీ మొదలు. ఇప్పుడేమో ఎస్‌ఎస్‌డీ మార్చాలంటున్నారు. నెలలో 11, 20 తేదీలు వస్తున్నాయంటే జీఎస్టీ రిటర్నుల టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది వైరస్ పనేనా? ఎస్‌ఎస్‌డీ మార్పించాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎస్‌ఎస్‌డీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ రోజే ట్యాలీ డేటాకు కాపీ తీసుకోండి. ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే వచ్చే డేటా మెనూలో బ్యాకప్ ఉంటుంది. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి, ఒకటి గూగుల్ డ్రైవ్‌లోకి పంపండి. వోచర్ ఎంట్రీ మధ్యలో ఉండగా పవర్ బటన్ నొక్కి ఆపిన ప్రతిసారీ డేటా ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఇన్నాళ్లూ అలా జరగలేదంటే అది మీ అదృష్టం. కంప్యూటర్‌ను ఎప్పుడైనా బాగుచేయించుకోవచ్చు, నాలుగు షాపుల ఏడాది లెక్కలు మాత్రం మళ్లీ రాయడం ఎంత కష్టమో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. రెండుసార్లు ఫార్మాట్ చేసినా రోగం రెండు రోజుల్లో తిరిగొచ్చిందంటే అది విండోస్‌లో ఉన్న రోగం కాదు. ఫార్మాట్‌తో సీ డ్రైవ్ శుభ్రమైంది, వైరస్ ఉంటే చాలావరకు దాంతోనే పోయి ఉండాలి. మరి ఫార్మాట్‌కు ముందూ తర్వాతా మారకుండా ఉన్నవేమిటి? ర్యామ్, పాత హార్డ్‌డిస్క్, ఎస్‌ఎస్‌డీ, కేబుళ్లు, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె), బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్). వెతకాల్సింది వీటిలోనే. షాపులో ఫార్మాట్ చేసిచ్చేటప్పుడు విండోస్, ఆఫీస్‌ల కోసం ఏదైనా యాక్టివేటర్ వేశారా అన్నది మాత్రం ఒక్కసారి అడగండి. అలాంటి క్రాక్ టూల్స్ యాంటీవైరస్‌ను ఆపేయించి లోపల కూర్చుంటాయి. జీఎస్టీ పాస్‌వర్డులు ఉన్న కంప్యూటర్‌లో అలాంటిది ఉండకూడదు.

మీరు రాసినవి రెండు రకాల హ్యాంగ్‌లు. రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే ఇన్నాళ్లూ వైద్యం తప్పుతోంది.

మొదటిది, నిమిషం ఆగి మళ్లీ కదిలే రకం. దీనికి నేను మొదట అనుమానించేది మీ పాత హార్డ్‌డిస్క్‌ను. రెండుసార్లు ఫార్మాట్ చేసినా మీ డేటా పోలేదంటే అది సీ డ్రైవ్‌లో లేదన్నమాట, బహుశా ఆ పాత డిస్క్‌లోనే ఉంది. ట్యాలీలో కంపెనీ ఎంచుకునే చోట డేటా పాత్ కనిపిస్తుంది, చూసి నిర్ధారించుకోండి. పాత డిస్క్‌లో కొన్ని సెక్టార్లు, అంటే సమాచారం దాచే చిన్న చిన్న గళ్లు, దెబ్బతింటే, అక్కడి సమాచారం చదవడానికి డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంతసేపూ ట్యాలీ ఎదురుచూస్తుంది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఎదురుచూస్తుంది, చూస్తున్న మీకేమో కంప్యూటర్ మొత్తం ఆగిపోయినట్టే ఉంటుంది. ఎలాగో చదవగలిగితే, లేదా ఇక తన వల్ల కాదని వదిలేస్తే, అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. కొత్త ప్రాసెసర్, కొత్త ఎస్‌ఎస్‌డీ ఎంత వేగంగా ఉన్నా ఈ ఎదురుచూపు తప్పదు. కొత్త కంప్యూటర్‌కు పాత డిస్క్ తగిలించుకోవడం మన ఇళ్లలో మామూలే. పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు అన్నీ అందులోనే ఉంటాయి, పారేయలేం. అందుకే కొత్త కంప్యూటర్ హ్యాంగ్ అవుతోందని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది, పాతది ఏమైనా ఇందులో పెట్టించారా అని.

పరీక్ష సులువే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని ఆ డిస్క్‌ను చూడండి. గుడ్ అని ఉంటే సరే, పసుపు రంగులో కాషన్ అని చూపిస్తే అనుమానం నిజమైనట్టే. కింద వరుసల్లో 05, సీ5, సీ6 అనే మూడింటిని ప్రత్యేకంగా చూడండి. అవి పాడైన సెక్టార్ల లెక్కలు. వాటి ఎదురుగా రా వాల్యూస్‌లో అన్నీ సున్నాలుండాలి. సీ7 అంకె ఒక్కటే వారం వారం పెరుగుతుంటే మాత్రం చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, దాన్ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. మా ఇంటి కంప్యూటర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. డిస్క్ పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టబోతూ, చివరి నిమిషంలో కేబుల్ మార్చి చూశాను. ఆ డిస్క్ ఇప్పటికీ పనిచేస్తోంది.

కాషన్ అని వస్తే ట్యాలీ ఫోల్డర్‌ను, ఆ తర్వాత ఫొటోలను, ముఖ్యమైనవి ముందుగా, కాపీ చేసుకోండి. అది పూర్తయ్యేదాకా చెక్‌డిస్క్ గానీ డీఫ్రాగ్ గానీ నడపకండి. ఊపిరి తీసుకోవడానికే కష్టపడుతున్న డిస్క్‌ను ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తించినట్టు అవుతుంది, మిగిలిన సమాచారం కూడా పోవచ్చు. ట్యాలీ డేటాను ఎస్‌ఎస్‌డీలోకి మార్చుకుని అక్కడినుంచే తెరవండి. తర్వాత కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేసి, పాత డిస్క్ వెనుక ఉన్న రెండు కేబుళ్లనూ పీకేయండి. నాలుగు రోజులు అలాగే పని చేసుకోండి. నిమిషం హ్యాంగ్‌లు ఆగిపోయాయంటే దొంగ దొరికినట్టే.

రెండోది, మౌస్ కూడా కదలని రకం. ఈసారి అలా అయినప్పుడు వెంటనే పవర్ బటన్ మీదికి పోకండి. కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లోపల ఇంకా ప్రాణం ఉంది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలై తెర కదిలితే లోపం డ్రైవర్ వైపు ఉందని అర్థం, ఏఎమ్‌డీ సైట్ నుంచి కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ వేసుకోవాలి. క్యాప్స్ లాక్ లైటు కూడా కదలకపోతే, ఏదైనా పాట వింటుండగా ఒకే శబ్దం జుయ్ మని ఆగకుండా వస్తుంటే, అది హార్డ్‌వేర్ దగ్గర వచ్చిన తంటాగానే ఎక్కువసార్లు తేలుతుంది.

అక్కడ నా మొదటి అనుమానం ర్యామ్ మీద. రెండోది తర్వాత వేయించారు, అదీ వేరే కంపెనీది. వేర్వేరు కంపెనీల ర్యామ్‌లు చాలాచోట్ల కలిసి బాగానే పనిచేస్తాయి. కానీ ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉన్నప్పుడు ఒకదానికి సరిపోయే వేగం, టైమింగ్‌లు ఇంకోదానికి పడకపోవచ్చు. పైగా మీ 5600జీకి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, తెర మీద బొమ్మ కోసం కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. కాబట్టి ర్యామ్‌లో తేడా వస్తే తెర మొత్తం బిగుసుకుపోవడంలో ఆశ్చర్యం లేదు. రెండో ర్యామ్ వేయించకముందు, ఆ మొదటి నెలలో, ఇలా పూర్తిగా బిగుసుకుపోయేదా? గుర్తు చేసుకోండి. ఈ ఒక్క ప్రశ్నకు మీ జవాబు ఎన్నో పరీక్షలకు సమానం.

బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీని ఆఫ్ చేయండి. కొన్ని బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అనీ, ఏ-ఎక్స్‌ఎంపీ అనీ రాస్తారు. వేగం కాస్త తగ్గుతుంది, ట్యాలీకి ఆ తేడా తెలియదు. తర్వాత మెమ్‌టెస్ట్86 ఉచిత వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో కంప్యూటర్‌ను బూట్ చేసి, రాత్రంతా వదిలేయండి. నాలుగు పాస్‌లు పూర్తయ్యాక ఎర్రర్లు సున్నా ఉండాలి. ఒకటే కదా అని వదలకండి, ర్యామ్ పరీక్షలో ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఫెయిలే. ఈ పరీక్ష నడిచేటప్పుడు విండోస్ అసలు ఉండదు. అక్కడ కూడా కంప్యూటర్ బిగుసుకుపోతే విండోస్‌కు దీనితో సంబంధం లేదని తేలిపోతుంది, ఇక మూడోసారి ఫార్మాట్ చేస్తామంటే ఒప్పుకోకండి. ఎర్రర్లు వస్తే ర్యామ్‌లను ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షిస్తే పాడైనది ఏదో తెలుస్తుంది. ర్యామ్ తీయడం మీకు అలవాటు లేకపోతే ఆ పని షాపులోనే మీ ఎదుట చేయించుకోండి.

బయోస్ అప్‌డేట్ కూడా అవసరమే. రైజెన్ కంప్యూటర్లు కొన్నిటిలో ఎఫ్‌టీపీఎమ్ అనే భద్రతా వ్యవస్థ వల్ల మధ్యమధ్యలో కాసేపు తడబడే లోపం ఉందని ఏఎమ్‌డీ 2022 మార్చిలో ఒప్పుకుంది. కొత్త బయోస్‌లతో అది సర్దుకుంది. మీ బోర్డు ఐదు నెలల క్రితం కొన్నదే అయినా, షాపులో ఎన్నాళ్లు ఉందో, దానిలో ఏ వెర్షన్ ఉందో చూడాలి. అయితే రెండు జాగ్రత్తలు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు, యూపీఎస్ మీదే చేయండి. అంతకుముందే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని సమాచారానికి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్ మారాక విండోస్ ఆ 48 అంకెల కీ అడిగితే, అది లేకుండా లోపలికి వెళ్లలేరు.

వేడి గురించి చాలామంది రాస్తుంటారు. మీ ప్రాసెసర్ 95 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అంత వేడెక్కితే ముందు నెమ్మదిస్తుంది, ఇంకా పెరిగితే ఆగిపోతుంది. పొద్దున్నే ఆన్ చేసిన పది నిమిషాలకే, ట్యాలీ లాంటి తేలికపాటి పనికే బిగుసుకుపోతుంటే వేడి కారణం కాకపోవచ్చు. అయినా సీపీయూను కంప్యూటర్ టేబుల్ కింది అరలో తలుపు మూసి పెట్టి ఉంటే బయటికి తీయండి.

కరెంటు సంగతి మాత్రం గమనించాల్సిందే. బోరు మోటారు వేసినప్పుడో, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నప్పుడో హ్యాంగ్ అవుతుంటే అది మంచి ఆధారం. క్యాబినెట్‌తో పాటే వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్‌లు ఇలాంటి కుదుపులకు తట్టుకోలేవు. మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్, ఎర్తింగ్ ఉన్న ప్లగ్ పాయింట్, ఈ రెండింటి దగ్గర డబ్బు మిగుల్చుకోవడం నాకు ఎప్పుడూ సరైనదిగా అనిపించలేదు.

ఇవన్నీ తేలాలంటే ఒక చిన్న నోట్‌బుక్ కావాలి. హ్యాంగ్ అయిన ప్రతిసారీ తేదీ, సమయం, అప్పుడు ఏం చేస్తున్నారు, క్యాప్స్ లాక్ లైటు మారిందా లేదా, కరెంటు పోయి వచ్చిందా, ఇంతవరకూ రాయండి చాలు. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని వెతికితే రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. రోజువారీగా ఏం ఫెయిల్ అయ్యిందో అందులో ఎర్ర గుర్తులతో ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, మీ నోట్‌బుక్‌లోని సమయానికి డిస్క్ పేరుతో 7, 153 నంబర్లు గానీ, రీసెట్ టు డివైస్ అంటూ 129 గానీ ఉన్నాయేమో చూడండి. ఉంటే డిస్క్‌దో, దాని కేబుల్‌దో తప్పు. అక్కడే ఏ డిస్కో కూడా గుర్తుపట్టవచ్చు, ఎస్‌ఎస్‌డీ మార్చాలా వద్దా అన్నది అప్పుడు తేలుతుంది. కెర్నల్-పవర్ 41 అనే ఎర్రర్ కూడా కనిపిస్తుంది. దాన్ని చూపించి ఎస్‌ఎంపీఎస్ పోయిందని చెప్పేవాళ్లున్నారు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా కంప్యూటర్ ఆగిందని మాత్రమే దాని అర్థం. మీరు పవర్ బటన్ నొక్కిపట్టినా అదే వస్తుంది.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. పాత డిస్క్ తీయడం, ఎక్స్‌ఎంపీ ఆపడం, బయోస్ మార్చడం ఒకే రోజు చేస్తే హ్యాంగ్‌లు ఆగిపోయినా ఏది ఆపిందో తెలియదు. ర్యామ్ పరీక్షలో ఎర్రర్ వస్తే తెరకు ఫొటో తీసి, బిల్లు, నోట్‌బుక్ పట్టుకుని షాపుకు వెళ్లండి. ఐదు నెలలే అయింది కాబట్టి వారంటీ ఉంటుంది. ఆధారాలు చూపించినా మార్చి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మెమ్‌టెస్ట్ ఫలితం, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెర ఫొటో నాకు పంపితే తర్వాత ఏం చేయాలో చూద్దాం.

ప్రశ్న: నాది ఇంటెల్ ఐ7-14700కె. కొని రెండేళ్లు దాటింది. గేమ్ మొదలవగానే క్రాష్ అవుతుంది, ఒక్కోసారి వీడియో మెమరీ చాలదంటుంది. పెద్ద జిప్ ఫైళ్లు తెరిస్తే ఎర్రర్, అప్పుడప్పుడూ ఫ్రీజ్. గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తొందరపడకండి. తప్పు గ్రాఫిక్స్ కార్డుది అన్నట్టు కనిపించినా, మీ లక్షణాలు ప్రాసెసర్ వైపు చూపిస్తున్నాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజ్ తీసుకుని క్రమంగా దెబ్బతింటున్నాయని ఆ కంపెనీయే 2024లో ప్రకటించింది. ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి, 2025 మేలో 0ఎక్స్12ఎఫ్ అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ పనితీరును సరిదిద్దే చిన్న సాఫ్ట్‌వేర్ సవరణలు) ఇచ్చింది. ఇవి మీ మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చే బయోస్ అప్‌డేట్‌లో కలిసి వస్తాయి. వెంటనే వేసుకోండి, తర్వాత బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకోండి.

అయితే అప్‌డేట్ ఇకముందు జరిగే నష్టాన్ని ఆపడానికే. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అది బాగుచేయదు. బయోస్ మార్చాక కూడా ఇవే ఎర్రర్లు వస్తుంటే ప్రాసెసర్‌నే మార్పించుకోవాలి. ఈ లోపం కోసమే ఇంటెల్ ఈ ప్రాసెసర్ల వారంటీని రెండేళ్లు పెంచింది. డబ్బాతో కొన్నవాటికి మూడేళ్లు ఉన్నది ఐదేళ్లయింది, కాబట్టి మీకింకా సమయం ఉంది. మీ బిల్లులో బాక్స్ అని ఉంటే నేరుగా ఇంటెల్‌కే క్లెయిమ్ పెట్టండి. ట్రే (డబ్బా లేకుండా విడిగా వచ్చేది) అని ఉంటే కంప్యూటర్ అమ్మినవాళ్ల ద్వారా వెళ్లాలి.