సోనీ ఎఫ్‌ఎక్స్30 కెమెరాతో చిన్న బడ్జెట్ సినిమా తీయొచ్చా?

నిశ్చింతగా తీయొచ్చు. 2022లో వచ్చినప్పుడు దీని బాడీ (లెన్స్ లేకుండా) ధర 1,800 డాలర్లు. చేతిలోకి తీసుకోగానే నచ్చేది బరువు: బ్యాటరీ, కార్డుతో కలిపి 646 గ్రాములే. సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) సూపర్ 35 సైజు, అంటే సినిమా కెమెరాల్లో ఎక్కువగా కనిపించే కొలత. 6కె వివరాన్ని 4కెకి కుదించి రికార్డు చేస్తుంది కాబట్టి బొమ్మ చాలా స్పష్టంగా ఉంటుంది. రంగుల వివరాన్ని ఎక్కువగా దాచే 10 బిట్ 4:2:2 రికార్డింగ్, వెలుగునీడల తేడాలను నిలిపే ఎస్‌-లాగ్3 ప్రొఫైల్ ఉన్నాయి కనుక గ్రేడింగ్‌లో (షూటింగ్ తర్వాత రంగులు దిద్దేటప్పుడు) ఆకాశం అంత తేలిగ్గా చారలు పడదు, ముఖాల రంగు చెదరదు. నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. లోపల చల్లబరిచే ఫ్యాన్ ఉంది, లాంగ్ టేక్‌లకు కెమెరా వేడెక్కుతుందన్న టెన్షన్ తక్కువ.

ఐఎస్‌ఓ అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి; దీనికి బొమ్మ శుభ్రంగా వచ్చే బేస్ స్థాయిలు రెండున్నాయి. రాత్రి సీన్లకు రెండో బేస్ ఐఎస్‌ఓ 2500 వాడండి. అదీ చాలకపోతే ఐఎస్‌ఓ ఇంకా పెంచకుండా ఒక లైట్ అద్దెకు తెచ్చుకోవడమే మేలు. స్లో మోషన్ కోసం 4కెలో సెకనుకు 120 ఫ్రేములకు వెళ్తే అంచులు కత్తిరించుకుపోయి, తెరపై పట్టే దృశ్యం బాగా ఇరుకవుతుంది. ఎన్‌డీ ఫిల్టర్ (ఎండలో వెలుతురు తగ్గించే అద్దం) విడిగా కొనాలి, బాడీ ఒక్కటే తీసుకుంటే ఎక్స్‌ఎల్‌ఆర్ హ్యాండిల్ (ప్రొఫెషనల్ మైకులు తగిలించే పిడి) కూడా, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి.