అడగండి చెప్తాం: ఈసారి అన్నీ ఇబిజా ప్రశ్నలే

పోయిన నెల గోవా గురించి రాస్తే ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెసేజుల్లో సగం ఇబిజా మీదే ఉన్నాయి, మన సీమ వాళ్ళు గోవాతో ఆగేట్టు లేరు. తెలీని వాళ్ళకి ఒక ముక్క: ఇబిజా అంటే మధ్యధరా సముద్రంలో స్పెయిన్ కి చెందిన ఒక చిన్న దీవి, మయోర్కా, మెనోర్కా, ఫోర్మెంటెరాతో కలిపి బాలెరిక్ దీవులు అంటారు. ప్రపంచంలో పెద్ద పెద్ద డీజేలంతా ఎండాకాలం (అక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా) అక్కడే ఉంటారు. ఇంక ప్రశ్నల్లోకి పోదాం.

ప్రశ్న (అనంతపురం, సాయినగర్ నుంచి): అన్నా, మేము ఆరుమంది ఫ్రెండ్స్, అందరం బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మావోడి పెళ్ళి నవంబర్లో. ముందే బ్యాచిలర్ పార్టీ ఇబిజాలో చేసుకుందాం అనుకుంటాండాం, జులై ఆఖర్లో ఐదు రోజులు. మనిషికి లక్షన్నరలో అయితాదా? ఏ క్లబ్ కి పోవాల?

ముందు ఆ జులై ఆఖరు అనేది తీసెయ్ తమ్ముడూ. జులై, ఆగస్టు అంటే యూరప్ మొత్తానికి సెలవులు, అందరూ అక్కడికే వస్తారు, రూమ్ రేట్లు డబుల్ పైన ఉంటాయి, ఫ్లైట్లు కూడా అంతే. పెళ్ళి నవంబర్లో కాబట్టి మీకు సెప్టెంబర్ రెండో సగం చక్కగా సరిపోతాది. క్లబ్ సీజన్ ఏప్రిల్ ఆఖర్లో మొదలై అక్టోబర్ మొదట్లో అయిపోతాది, ఆఖరి వారాల్లో క్లోజింగ్ పార్టీలు అని పెడతారు, వాటికోసమే వచ్చే జనం ఉన్నారు. సముద్రం కూడా ఎండాకాలం అంతా కాగి సెప్టెంబర్లో వెచ్చగా ఉంటాది, అదే మే నెలలో పోతే నీళ్ళలో కాలు పెట్టి వెనక్కి తీస్తారు.

లక్షన్నర అంటే సెప్టెంబర్లో కూడా టైటే, రెండు లక్షలు పెట్టుకోండి. యూరో వంద రూపాయలని లెక్కేసుకోండి, లెక్క ఈజీ. ఫ్లైట్, వీసా, ఇన్సూరెన్స్ పోను మిగిలేదాంట్లో అసలు దెబ్బ క్లబ్బుల్లోనే పడతాది. ఎంట్రీ టికెట్ మామూలుగా 50 నుంచి 100 యూరోల మధ్య ఉంటాది, పెద్ద డీజే ఉన్న రాత్రి ఇంకా పైకి పోతాది. లోపల ఒక్క డ్రింక్ 20 యూరోలు, మంచినీళ్ళ బాటిలే 10 యూరోల దాకా, నీళ్ళకి వెయ్యి రూపాయలు అంటే మీ నాయన వింటే పెళ్ళే క్యాన్సిల్ చేస్తాడు. కాబట్టి ఐదు రాత్రులూ క్లబ్బే అనుకోవద్దు. రెండు రాత్రులు చాలు, ఇది నా గట్టి సలహా. మిగతా మూడు రోజులు సముద్రానికి పెట్టండి, అది ఫ్రీ.

ఏ క్లబ్ అంటారా, పాచా అన్నిటికంటే పాత పేరు, 1973 నుంచి ఉంది, ఇబిజా టౌన్ హార్బర్ పక్కనే. ఆమ్నీషియా క్లబ్ ఇబిజా టౌన్ కీ సాన్ ఆంటోనియో అనే ఊరికీ మధ్యలో ఉంటాది. ప్లాయా డెన్ బోస్సా బీచ్ దగ్గర ఉషువాయా, హాయ్ రెండూ రోడ్డుకి అటూ ఇటూ ఎదురెదురుగా ఉంటాయి, ఉషువాయా ఓపెన్ ఎయిర్, సాయంత్రం మొదలై పదకొండుకల్లా కట్టేస్తారు, అందుకే జనం అక్కడ అయిపోగానే రోడ్డు దాటి హాయ్ కి పోతారు. మీరు ఆరుమందీ మొదటిసారి కాబట్టి ఉషువాయా ఒకటి, ఇంకోటి మీకు నచ్చిన డీజే ఎక్కడుంటే అక్కడ. ఏ రోజు ఎవరనేది క్లబ్ సైట్లోనే వారాల వారీగా పెట్టేస్తారు, టికెట్ కూడా ముందే ఆన్‌లైన్లో కొంటే తక్కువ, గేటు దగ్గర కొంటే ఎక్కువ. ఇంకో సంగతి, రాత్రి క్లబ్ అంటే పన్నెండుకి తెరుస్తారు, రెండు దాటితేగానీ ఊపు రాదు, పొద్దున ఆరు దాకా. మీరు పదకొండుకి పోయి క్యూలో మొదట నిలబడి "ఏందిరా ఎవురూ లేరు" అనుకోవద్దు. రాత్రి తొమ్మిదికి తిని, ఒక కునుకు తీసి పోండి.

వీసా సంగతి అన్నిటికంటే ముందు చూసుకోవాల. స్పెయిన్ కి షెంగెన్ వీసా (యూరప్ లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) కావాల, ఫీజు 90 యూరోలు, దానిమీద వీసా సెంటర్ చార్జీ వేరే. ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాల, కానీ ఎండాకాలానికి అపాయింట్‌మెంట్లే దొరకవు కాబట్టి సెప్టెంబర్ ట్రిప్ అంటే మే నెలలోనే కూర్చోండి. ఆరుమందీ ఒకటే గ్రూప్ అయినా ఎవరి ఫైల్ వాళ్ళది, ఒకడికి రిజెక్ట్ అయ్యి ఐదుమందికి రావడం మామూలే, పెళ్ళికొడుక్కే రాకపోతే ఏం చేస్తారో అది కూడా మాట్లాడుకోండి. కంపెనీ లీవ్ లెటర్, శాలరీ స్లిప్పులు, ఐటీ రిటర్న్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్, కనీసం 30,000 యూరోల కవరేజ్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాల. అప్లై చేసే ముందు వారం ఎవరి దగ్గరో తెచ్చి అకౌంట్లో రెండు లక్షలు వేసుకుంటే వాళ్ళకి తెలిసిపోతాది, ఆ పని చెయ్యొద్దు. రూములు ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే బుక్ చెయ్యండి.

ఇండియా నుంచి ఇబిజాకి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, గల్ఫ్ మీదుగానో జర్మనీ మీదుగానో బార్సిలోనాకి గానీ మాడ్రిడ్ కి గానీ పోయి అక్కడి నుంచి గంట ప్రయాణం. మీకు ఒక సుఖం ఏందంటే బెంగళూరు ఎయిర్‌పోర్ట్ దేవనహళ్ళిలో, అంటే మన హైవే మీదే, అనంతపురం నుంచి పోయేవాళ్ళకి సిటీ ట్రాఫిక్ లో దూరే పని లేదు.

ప్రశ్న (కడప నుంచి, పేరు వెయ్యొద్దన్నారు): మేమిద్దరం యాభై దాటినవాళ్ళం. మా అబ్బాయి జర్మనీలో ఉండాడు, ఈసారి వచ్చినప్పుడు ఇబిజా పోదాం అంటాండాడు. నెట్లో చూస్తే అంతా తాగుడు, డ్యాన్సులే ఉండాయి. ఆ ఊర్లో మాకేం పనండీ? పైగా మా ఆవిడ శాకాహారి.

అక్కా, అన్నా, మీ అబ్బాయి మంచి చోటే చెప్పినాడు, నెట్లో సగమే చూపిస్తారు అంతే. పార్టీ అంతా మూడు నాలుగు చోట్ల ఉంటాది, అవి వదిలేస్తే మిగతా దీవి పైన్ చెట్లు, ఎర్రమట్టి, బాదం తోటలు, తెల్లటి ఇళ్ళు. మీరు సాన్ ఆంటోనియోలో, ప్లాయా డెన్ బోస్సాలో రూమ్ తీసుకోవద్దు, నిద్ర ఉండదు. తూర్పు పక్క సాంతా ఎయులాలియా అని ఊరుంది, ఫ్యామిలీలు ఉండే చోటు, సాయంత్రం సముద్రం పక్కన నడవచ్చు.

చూడాల్సింది మొదట దాల్ట్ విలా, ఇబిజా టౌన్లో కొండమీద కోట ఊరు. ఫినీషియన్లు అనే పాతకాలపు సముద్ర వ్యాపారులు క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలోనే ఈ దీవిలో దిగినారు, ఇప్పుడు కనపడే గోడలు 16వ శతాబ్దంలో స్పెయిన్ రాజు రెండో ఫెలిపే కాలంలో తుర్కుల దాడులకి భయపడి కట్టించినవి. 1999లో యునెస్కో లిస్టులో చేర్చినారు. రాళ్ళు పరిచిన ఎత్తు దోవ, మంచి చెప్పులు వేసుకోండి, గండికోట ఎక్కినవాళ్ళకి ఇదేం లెక్క కాదులే. అక్కడి నుంచి ఒకరోజు పడవ మీద ఫోర్మెంటెరాకి పోండి, అర్ధగంట, ఆ సెస్ ఇయెతెస్ బీచ్ నీళ్ళ రంగు చూస్తే మీకే తెలుస్తాది. నీళ్ళు అంత తేటగా ఉండడానికి కారణం అడుగున పొసిడోనియా అనే సముద్రపు గడ్డి, దానికి కూడా యునెస్కో గుర్తింపు ఉంది, పడవల లంగర్లు దానిమీద వేస్తే ఫైన్. శనివారం పడితే సాన్ కార్లోస్ లో లాస్ దాలియాస్ హిప్పీ మార్కెట్ చూడండి, అరవైల్లో హిప్పీలు వచ్చి ఉన్నారు కాబట్టే ఈ దీవికి ఇంత పేరొచ్చింది, క్లబ్బులన్నీ వాళ్ళ తర్వాతే. ఆదివారం సాయంత్రం బెనిర్రాస్ బీచ్ లో డ్రమ్స్ కొడతా సూర్యాస్తమయం చూస్తారు. జూన్ ఆఖర్లో అయితే తొమ్మిది దాటినాక గానీ పొద్దు గుంకదు, అన్నం టైమ్ అంతా తారుమారైతాది.

ఒకటి ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టొద్దు. అక్కడ బీచుల్లో బట్టలు తక్కువే ఉంటాయి, ఎస్ కవాయెత్ అనే బీచ్ అయితే పూర్తిగా బట్టల్లేకుండా ఉండేవాళ్ళకి పేరు. ఎవరూ ఎవరినీ చూడరు, మనమూ చూడకుండా ఉంటే చాలు, ఫోన్ తీసి ఫోటోలు మాత్రం వద్దు.

తిండి సంగతి, శాకాహారం అని చెప్తే హ్యామ్ తీసేసి ట్యూనా చేప వేసి తెచ్చేవాళ్ళున్నారు, వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. "సిన్ కార్నె, సిన్ పెస్కాదో" అనండి, అంటే మాంసం లేకుండా, చేప లేకుండా. పయేయా అని వాళ్ళ అన్నం వంటకం, కూరగాయలది అన్నా చేపల రసంలో ఉడికించి ఉంటారేమో అడగండి. టమాటా పూసిన బ్రెడ్డు, పాతాతాస్ బ్రావాస్ అనే ఆలుగడ్డ వేపుడు, పాద్రోన్ మిరపకాయలు, గాస్పాచో అనే చల్లటి టమాటా సూప్, ఇవి ఆమెకి నడుస్తాయి. ఆ మిరపకాయల్లో కారం ఏమీ ఉండదు, ఎప్పుడో ఒకటి తగులుతాది, దానికే వాళ్ళు నోరు ఊదుకుంటారు. ఆమ్లెట్ తినే అలవాటుంటే స్పానిష్ తోర్తియా ఎక్కడైనా దొరుకుతాది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఇంకా మంచిది, బియ్యం, పప్పు అక్కడ సూపర్ మార్కెట్లోనే దొరుకుతాయి.

ప్రశ్న (కడప, డిగ్రీ స్టూడెంట్): డిసెంబర్లో ఇబిజా చాలా చీప్ అంట కదా సార్, అప్పుడు పోతే?

చీప్ ఎందుకో ఆలోచించు నాయనా. క్లబ్బులు దాదాపు అన్నీ మూసేసి ఉంటాయి, చాలా హోటళ్ళు కూడా. నడవడానికి, ప్రశాంతంగా ఉండడానికైతే పో. పార్టీకి అయితే డబ్బులు దాచుకో.

ప్రశ్న (కర్నూలు, వన్‌టౌన్ నుంచి): భాయ్, నేను తాగను, పంది మాంసం తగలకూడదు. ఫ్రెండ్స్ తో పోతే ఇబ్బంది పడతానా?

తాగకపోతే ఎవరూ అడగరు భాయ్, క్లబ్బులో సగం జనం నీళ్ళ బాటిల్ పట్టుకునే ఊగుతుంటారు. తిండి దగ్గరే జాగ్రత్త. ఎన్సాయిమాదా అని చుట్టచుట్టిన తియ్యటి బన్ను ప్రతి బేకరీలో ఉంటాది, చూస్తే ఏ పాపం తెలీనట్టుంటాది గానీ అది పంది కొవ్వుతోనే చేస్తారు. సొబ్రసాదా అని ఎర్రగా బ్రెడ్డు మీద పూసేది కూడా పందిదే. హియెర్బాస్ అని భోజనం తర్వాత ఫ్రీగా చిన్న గ్లాసులో ఇస్తారు, సోంపు వాసనొస్తాది, అది మందు. చేపలైతే నిశ్చింతగా తినొచ్చు, బుయిత్ దె పెయిష్ అని చేపలూ ఆలుగడ్డలూ ఉడకేసి ఆ రసంతోనే అన్నం వండి తెస్తారు, ఖరీదెక్కువ కానీ ఒక్కసారైనా తినాల. మొరాకో వాళ్ళు అక్కడ బాగానే ఉన్నారు, వాళ్ళ హోటళ్ళు, కబాబ్ షాపులుంటాయి, హలాలేనా అని అడిగి తినండి. ఇంకోటి, 1235లో కాటలాన్లు (బార్సిలోనా వైపు వాళ్ళు) గెలిచేదాకా ఈ దీవి ముస్లిం రాజ్యమే, ఊరిపేరు యాబిసా. దాల్ట్ విలాలో మదీనా యాబిసా అని దానిమీదే చిన్న మ్యూజియం ఉంది, మీ ఫ్రెండ్స్ నిద్రపోయే టైమ్ లో మీరు ఒక రౌండ్ వేసి రండి.

ప్రశ్న (అనంతపురం నుంచి ఒక అమ్మ): మా పాప బార్సిలోనాలో ఎమ్మెస్ చదువుతాంది. క్లాస్ అమ్మాయిలతో ఇబిజా పోతానంటాంది. పంపాల్నా వద్దా?

అమ్మా, పాప అక్కడే ఉంది, మీరు వద్దంటే చెప్పకుండా పోతాది, అంతకంటే పొమ్మని చెప్పి జాగ్రత్తలు చెప్పడం మేలు. గ్లాసు చేతిలోనుంచి వదలకూడదు, ఎవరో తెచ్చిచ్చింది తాగకూడదు. పోయేటప్పుడు ఎంతమంది పోయినారో వచ్చేటప్పుడు అంతమందీ కలిసే రావాల. ఎండాకాలం రాత్రంతా డిస్కోబస్ అని క్లబ్బుల మధ్య తిరుగుతాది, అది లేకపోతే లైసెన్స్ ఉన్న టాక్సీ స్టాండు నుంచే, రోడ్డు మీద "టాక్సీ టాక్సీ" అని పిలిచే ప్రైవేటు కార్లు వద్దు. మాత్రలు, పొడి ఎవరైనా ఇస్తే ముట్టుకోవద్దని సిగ్గుపడకుండా చెప్పండి, ప్రతి ఏడాదీ వాటివల్ల ప్రాణాలు పోతున్నాయి. హోటల్ బాల్కనీ నుంచి స్విమ్మింగ్ పూల్ లోకి దూకే పిచ్చి కూడా ఒకటుంది అక్కడ, చచ్చిపోయినోళ్ళూ ఉన్నారు, అలాంటి బ్యాచ్ ఉంటే పక్క హోటల్ కి మారమనండి. సాన్ ఆంటోనియో వెస్ట్ ఎండ్ వీధుల్లో రోడ్డు మీద తాగితే ఇప్పుడు గట్టి ఫైన్, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత షాపుల్లో మందు అమ్మకూడదని రూల్ కూడా పెట్టినారు. ఎమర్జెన్సీ నంబర్ 112, ఫోన్లో సేవ్ చేసుకోమనండి. అక్కడ టైమ్ ఎండాకాలం మనకంటే మూడున్నర గంటలు వెనక, మీరు పొద్దున ఏడుకి లేచి ఫోన్ చేస్తే ఆమెకి తెల్లవారుజాము మూడున్నర, ఎత్తకపోతే కంగారు పడొద్దు.

ప్రశ్న (కర్నూలు, బి.క్యాంప్ నుంచి): పచ్చళ్ళు, నెయ్యి, మామిడి పండ్లు తీసుకుపోవచ్చా? ఫోన్‌పే పని చేస్తాదా?

ఆవకాయ, గోంగూర, కారప్పొడి, శెనక్కాయ చట్నీ పొడి పట్టుకుపోవచ్చు, నూనె కారకుండా రెండు కవర్లు కట్టి చెకిన్ లగేజీలో పెట్టండి. నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాలవి, మాంసానివి యూరప్ లోకి రానివ్వరు, పట్టుకుంటే చెత్తబుట్టలో వేస్తారు. బంగినపల్లి మామిడి కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు, ఇక్కడే తినేసి పోండి. ఫోన్‌పేతో అక్కడ పని జరగదు, ఫారెక్స్ కార్డు (ముందే యూరోలు వేసుకుని వాడే కార్డు) తీసుకోండి, చేతిలో వంద రెండొందల యూరోలు క్యాష్ ఉంచుకోండి. హోటల్లో టూరిస్ట్ ట్యాక్స్ అని మనిషికి రాత్రికి కొన్ని యూరోలు వేరేగా అడుగుతారు, మోసం కాదు, కట్టేయండి.