బస్తా మీది అంకె ఏ పదార్థానిది? మూలకాలు, సమ్మేళనాలపై పాఠకుల ప్రశ్నలు

ద్రవ్యం, మూలకాలు, సమ్మేళనాల మీద సందేహాలుంటే రాయమని కిందటి సంచికలో కోరాం. బడి నుంచే కాదు, పొలం నుంచి, వంటింటి నుంచి, సున్నపు బట్టీ నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో చాలావాటికి మూలం ఒకటే చిక్కు: మూలకం పేరు పలుకుతూ సమ్మేళనాన్ని తూచడం. అందుకే ఈసారి జవాబుల్లో తూకాలు ఎక్కువగా కనిపిస్తాయి.

ప్ర: డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉంటుంది. 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం ఉన్నట్టేనా? (రైతు, జగిత్యాల జిల్లా)

జ: లేదండీ. అందులో భాస్వరం అనే మూలకం సుమారు 10 కిలోలే ఉంటుంది.

మొదటి అంకె 18 నత్రజనిది. దాన్ని మూలకంగానే లెక్కకట్టారు కాబట్టి బస్తాలో 9 కిలోల నత్రజని ఉన్నమాట నిజం. రెండో అంకె 46 మాత్రం భాస్వరానిది కాదు, పి2ఓ5 అనే భాస్వరపు ఆక్సైడుది. అసలు ఆ ఆక్సైడు బస్తాలో లేనే లేదు. బస్తాలో ఉన్నది డైఅమ్మోనియం ఫాస్ఫేట్. నత్రజని, హైడ్రోజన్, భాస్వరం, ఆక్సిజన్ కలిసిన సమ్మేళనం అది. పూర్వపు రసాయన శాస్త్రవేత్తలు పదార్థాలను విశ్లేషించి ఫలితాలను ఆక్సైడ్ల తూకంలో చెప్పేవారు. ఆ అలవాటు ఎరువుల లెక్కలో అలాగే నిలిచిపోయింది. 142 గ్రాముల పి2ఓ5లో భాస్వరం 62 గ్రాములు, కాబట్టి పి2ఓ5 తూకాన్ని 0.44తో గుణిస్తే భాస్వరం తూకం వస్తుంది. పొటాష్ బస్తా సంగతి ఇంకా విచిత్రం. దాని మీది 60 పొటాషియం ఆక్సైడు లెక్క, లోపల ఉన్నదేమో పొటాషియం క్లోరైడు. అందులో ఆక్సిజన్ అణుమాత్రం కూడా లేదు. 60ని 0.83తో గుణిస్తే అసలు పొటాషియం దాదాపు 50 శాతం.

ఇది తెలిశాక చాలామంది ఒక తప్పు చేసే ప్రమాదం ఉంది. 'ఎకరాకు 24 కిలోల భాస్వరం' అని సిఫారసు చేస్తే, అదీ పి2ఓ5 లెక్కే. 24ని 0.46తో భాగించండి, 52 కిలోల డీఏపీ చాలు. మూలకం లెక్క అనుకుని 20 శాతంతో భాగిస్తే 120 కిలోలు వస్తుంది, అంటే రెండింతలకు పైగా డబ్బు మట్టిలో పోసినట్టే. ఇంకోమాట: ఆ 52 కిలోల డీఏపీతో 9 కిలోలకు పైగా నత్రజని కూడా చేనుకు అందుతుంది. యూరియాలో నత్రజని 46 శాతం కదా, ఆ మేరకు సుమారు 20 కిలోల యూరియా తగ్గించుకోవచ్చు. భూసార పరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడు మాత్రం, అంకె పక్కన 'పి' అని ఉందా 'పి2ఓ5' అని ఉందా చూసి అప్పుడే పోల్చండి.

ప్ర: క్యాల్షియం మాత్రల అట్ట మీద ఒకచోట 1250 మి.గ్రా., మరోచోట 500 మి.గ్రా. అని ఉంది. ఏది నమ్మాలి? (గృహిణి, రాజమహేంద్రవరం)

జ: రెండూ నిజమే. 1250 మాత్రలోని క్యాల్షియం కార్బొనేటు తూకం, 500 అందులోని క్యాల్షియం తూకం. పరమాణువుల బరువుల లెక్కలో క్యాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ మూడు పదహార్లు 48, మొత్తం 100. అంటే కార్బొనేటులో క్యాల్షియం 40 శాతం, 1250లో 40 శాతం 500. అదే క్యాల్షియం సిట్రేటు మాత్ర అయితే క్యాల్షియం 21 శాతమే. అందుకే రెండు కంపెనీల మాత్రలను పోల్చేటప్పుడు పెద్ద అంకె చూడకండి, 'ఎలిమెంటల్' (అంటే మూలకం లెక్క) అన్న మాట పక్కన ఉన్నదే చూడండి. ఐరన్ మాత్రలూ అంతే: 200 మి.గ్రా. నీరు తీసేసిన (డ్రైడ్) ఫెర్రస్ సల్ఫేటులో ఇనుము 65 మి.గ్రా. దగ్గర ఉంటుంది. డాక్టరు చెప్పిన మోతాదు ఏ లెక్కలో చెప్పారో మందుల షాపులోనైనా అడిగి తెలుసుకోండి.

కార్బొనేటు రకం కరగడానికి కడుపులోని ఆమ్లం కావాలి కాబట్టి దాన్ని భోజనంతో పాటు వేసుకోమంటారు.

ప్ర: సోడియం నీళ్లలో వేస్తే మండుతుంది, క్లోరిన్ విషవాయువు. ఆ రెండూ కలిసిన ఉప్పును రోజూ ఎలా తింటున్నాం? (తొమ్మిదో తరగతి విద్యార్థిని, నంద్యాల)

జ: సోడియం పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవాలన్న తొందర, క్లోరిన్‌కు ఒకటి లాక్కోవాలన్న తొందర. నీళ్లు చూడగానే సోడియం మండిపడేది, ఊపిరితిత్తులను క్లోరిన్ కాల్చేది ఆ తొందర వల్లే. ఉప్పుగా మారేటప్పుడు ఆ ఇచ్చిపుచ్చుకోవడం జరిగిపోయింది. నీ కంచంలో ఉన్నది సోడియం లోహమూ కాదు, క్లోరిన్ వాయువూ కాదు, వాటి అయాన్లు, అంటే ఎలక్ట్రాన్ ఇచ్చేసిన సోడియం, పుచ్చుకున్న క్లోరిన్. సమ్మేళనం గుణాలు దానివే, మూలకాల గుణాల సగటు కాదు.

తూకం మాత్రం ఎక్కడికీ పోదు. కిలో ఉప్పులో సోడియం 393 గ్రాములు, క్లోరిన్ 607 గ్రాములు. చిప్స్ పొట్లం మీద 'సోడియం 400 మి.గ్రా.' అని ఉంటే రెండున్నరతో గుణించు, అది ఒక గ్రాము ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 2 గ్రాముల సోడియం లెక్కనే.

ప్ర: ఇనుప రజను, గంధకం కలిపి వేడిచేశాం. ఫెర్రస్ సల్ఫైడు వచ్చిందని పిల్లలకు చెప్పి అయస్కాంతం పెడితే ముద్ద అంటుకుంది! పొరపాటు ఎక్కడ? (ఉపాధ్యాయుడు, కడప జిల్లా)

జ: మీ ముద్దలో ఇంకా కలవని ఇనుము మిగిలింది. దానికి మామూలుగా మూడు కారణాలుంటాయి.

ఒకటి, కొలత. ఇనుము 56 వంతులకు గంధకం 32 వంతులు, అంటే 7 గ్రాములకు 4 గ్రాములు. 'చెంచాడు ఇది, చెంచాడు అది' అని కలిపితే తప్పుతుంది. ఇనుప రజను చెంచాడు గంధకం చెంచాడు కన్నా చాలా బరువు కాబట్టి ఇనుమే మిగిలిపోతుంది. రెండు, రజను ముతకగా ఉండటం. పెద్ద రవ్వ చుట్టూ సల్ఫైడు పొర కడుతుంది, లోపలి ఇనుముకి గంధకం అందదు. మూడు, సన్నమంట మీద చాలాసేపు కాచడం. గంధకం 115 డిగ్రీల దగ్గర కరిగి, 445 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మెల్లగా కాస్తే ఇనుముతో కలవకముందే ఆవిరై నాళిక పైభాగాన పసుపుగా పేరుకుంటుంది, కొంత మండిపోతుంది.

ఈసారి ఇలా చేయండి. మెత్తటి ఇనుప పొడి 7 గ్రాములు, గంధకం పొడి 4 గ్రాములు తూచి కాగితం మీద పోయండి. కాగితం అంచులు ఎత్తి అటూ ఇటూ దొర్లిస్తూ రంగు అంతటా ఒకేలా అయ్యేదాకా కలపండి. ఇందులో కొంచెం పక్కన పెట్టండి, పోల్చి చూపడానికి పనికొస్తుంది. మిగిలినదాంట్లో 2 గ్రాములు మాత్రమే గట్టి గాజు పరీక్షనాళికలో వేసి, మూతిలో గాజు ఊలు వదులుగా ఉంచండి. దూది పెట్టొద్దు, అంటుకుంటుంది. నాళిక అడుగున పెద్దమంట తగిలించి, లోపల నారింజరంగు ఎరుపు కనపడగానే మంట తీసేయండి. మంట లేకుండానే ఆ ఎరుపు అడుగు నుంచి పైకి మెల్లగా పాకుతుంది. పిల్లలు తప్పక చూడాల్సిన క్షణం అదే. మనం వేడి ఇవ్వడం ఆపేశాం, అయినా వేడి పుడుతోంది. కొత్త పదార్థం తయారవుతోందనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం బడిలో దొరకదు. నాళిక పూర్తిగా చల్లారాక గుడ్డలో చుట్టి సుత్తితో పగలగొట్టండి. నాళిక పోతుంది, ముందే సిద్ధపడండి.

బూడిదనలుపు ముద్దను పొడిచేసి, మామూలు కడ్డీ అయస్కాంతానికి కాగితం చుట్టి దగ్గరకు తీసుకెళ్లండి. బాగా బలమైన నియోడిమియం అయస్కాంతం వాడితే మిగిలిన కొద్దిపాటి ఇనుమునూ పట్టేస్తుంది, పిల్లలు తికమకపడతారు. తరవాత ఆమ్ల పరీక్ష: పక్కన పెట్టిన మిశ్రమం మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే హైడ్రోజన్ బుడగలు వస్తాయి. దానికి వాసన ఉండదు. సల్ఫైడు మీద వేస్తే కుళ్లిన గుడ్డు వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడు, విషం. పైగా ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది. బియ్యపుగింజంత ముక్క, రెండు చుక్కల ఆమ్లం, తెరిచిన కిటికీ చాలు. అవగానే దండిగా నీళ్లు పోసేయండి. నాళిక మూతి దగ్గర గంధకం మండితే తడిగుడ్డ కప్పండి. ఆ పొగ సల్ఫర్ డయాక్సైడు కాబట్టి ఉబ్బసం ఉన్న పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండి.

ప్ర: 9 వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిళ్లతో నీటిని విడగొట్టాలని చూశాం. నీళ్లలో ఉప్పు వేశాం. బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చింది, ఆక్సిజన్ రాలేదు. ఎందుకు? (పదో తరగతి విద్యార్థులు, పార్వతీపురం)

జ: ఉప్పు వేయడమే తప్పు. ధన ధ్రువం దగ్గర నీళ్లు ఆక్సిజన్‌ను వదలాల్సిన చోట ఉప్పులోని క్లోరైడు క్లోరిన్‌గా బయటికి వచ్చింది. మీకు తగిలిన వాసన దానిదే. గది తలుపులు తెరిచి ఆ నీళ్లు పారబోయండి.

ఉప్పుకు బదులు గ్లాసు నీళ్లకు అరచెంచా బట్టల సోడా వేయండి. పాఠ్యపుస్తకంలో చెప్పినట్టు కొద్దిచుక్కల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లమైనా సరే, కాని ఇంట్లో సోడానే మేలు. పెన్సిళ్లను రెండు వైపులా చెక్కి, ములుకులు ఒకదానికొకటి తగలకుండా అట్టముక్కలో గుచ్చండి. ములుకులో ఉన్నది గ్రాఫైటు, బంకమట్టి. కరెంటు పారేది గ్రాఫైటు గుండా. నీళ్లు నింపిన చిన్న పరీక్షనాళికలను ములుకుల మీద బోర్లించండి. ఓపిక పట్టాలి: 0.1 ఆంపియరు కరెంటు 10 నిమిషాలు పారితే వచ్చే హైడ్రోజన్ 7, 8 మిల్లీలీటర్లే.

రుణ ధ్రువం దగ్గర హైడ్రోజన్ రెండింతలు, ధన ధ్రువం దగ్గర ఆక్సిజన్ ఒక వంతు రావాలి. మీకు ఆక్సిజన్ అంతకన్నా తక్కువే కనపడుతుంది. కంగారుపడి లెక్క దిద్దకండి. ఆక్సిజన్ నీళ్లలో హైడ్రోజన్ కన్నా ఎక్కువగా కరుగుతుంది, కొంత గ్రాఫైటునే తినేసి కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. ధన ధ్రువం కింద నల్లటి నలుసులు చూశారా, అదే గుర్తు. తూకంలో అయితే లెక్క వేరు: 9 గ్రాముల నీళ్లకు హైడ్రోజన్ 1 గ్రాము, ఆక్సిజన్ 8 గ్రాములు. గోదావరి నీళ్లయినా బోరు నీళ్లయినా, శుద్ధి చేశాక ఆ 1:8 మారదు. ఉప్పు ఎంతైనా కలపగలిగే ఉప్పునీళ్లు మిశ్రమం, నిష్పత్తి మారని నీళ్లు సమ్మేళనం.

ప్ర: డబ్బాలో కర్పూరం హరించుకుపోతుంది. హారతిలోనూ ఏమీ మిగలదు. రెండూ ఒకటేనా? (పాఠకురాలు, బెంగళూరు)

జ: కాదు. డబ్బాలోది గాలిలోకి వెళ్లినా కర్పూరంగానే ఉంటుంది, ఆ వాసనే సాక్ష్యం. హారతిలోది మండి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు అవుతుంది. మంట మీద చల్లటి స్టీలు గరిటె ఒక్క క్షణం పట్టుకోండి, నల్లటి మసి అంటుతుంది. అది కర్పూరమనే సమ్మేళనంలోంచి బయటపడ్డ కార్బన్, అంటే మూలకం. డబ్బాలో మిరియాలు వేసినా వేయకపోయినా మూత బిగుతుగా ఉండాలి.

ప్ర: 916 బంగారం మూలకమా, సమ్మేళనమా? (పాఠకుడు, ప్రొద్దుటూరు)

జ: రెండూ కాదు, మిశ్రమం. వెయ్యి వంతుల్లో 916 బంగారం, మిగతాది రాగి, వెండి వంటివి. 22 క్యారెట్లను 24తో భాగిస్తే వచ్చేది అదే. కావాలంటే 18 క్యారెట్లూ చేయొచ్చు, 14 క్యారెట్లూ చేయొచ్చు. నిష్పత్తి మన ఇష్టమైతే అది సమ్మేళనం కాదు. పెంబర్తి ఇత్తడీ అంతే, రాగి, జింకుల మిశ్రమం.

ప్ర: బట్టీలో కాల్చిన సున్నం రాయి కన్నా అంత తేలిక ఎందుకు? సున్నం మూలకమేనా? బస్తాల్లో నిలవ ఉంచితే మళ్లీ బరువు పెరుగుతోంది. (వ్యాపారి, పిడుగురాళ్ల)

జ: ఒకప్పుడు మహామహులే సున్నాన్ని మూలకం అనుకున్నారు. 1789లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ ప్రకటించిన మూలకాల పట్టికలో సున్నం ఉంది, ఎందుకంటే ఏ మంటా దాన్ని ఇంకా విడగొట్టలేకపోయింది. 1808లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ విద్యుత్తుతో దాన్ని విడగొట్టి క్యాల్షియం లోహాన్ని బయటికి తీశాడు. అప్పటి నుంచి సున్నం సమ్మేళనాల జాబితాలోకి వచ్చింది: క్యాల్షియం, ఆక్సిజన్.

100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడు పొగగొట్టం గుండా పోయి, 56 కిలోల సున్నం మిగులుతుంది. మీ తూకం 56 కన్నా బాగా ఎక్కువుంటే రాయి లోపల పచ్చిగా ఉంది. ఒక గడ్డ పగలగొట్టి నడుమన ఆమ్లం చుక్క వేయండి, బుసబుస పొంగితే కాలనట్టే. మరీ ఎక్కువ కాలిస్తే అది నీళ్లతో వెంటనే ఉడకదు, గోడ మీదికి వెళ్లాక నెలల తరవాత ఉబ్బి పెచ్చులూడుతుంది.

నీళ్లు పోస్తే 56 కిలోలు 18 కిలోల నీటిని తనలో కలుపుకుని 74 కిలోల తడి సున్నం అవుతుంది. ఆ వేడికి కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి నీళ్లు అంతకన్నా ఎక్కువే కావాలి. కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయించకండి. కంట్లో పడితే చూపు పోతుంది, పడిన మరుక్షణం నుంచి కనీసం 20 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లే ఏర్పాటు చేయాలి.

బస్తాల్లో పెరిగే బరువు గాలిది. ముందు గాలిలోని తేమను, తరవాత కార్బన్ డయాక్సైడును పట్టుకుంటూ సున్నం మళ్లీ రాయి వైపు నడుస్తుంది. పూర్తిగా మారితే 56 కిలోలు 100 కిలోలవుతుంది. గోడకు పూసిన సున్నం గట్టిపడేదీ ఇదే మార్పుతో. గోడ మీద మనకు కావాల్సింది బస్తాలో నష్టం: కొనేవాడు ఆ గాలికి డబ్బు కడుతున్నాడు, వాడితే పట్టు ఉండదు. గడ్డలుగానే, మూత బిగించిన పొడి డ్రమ్ముల్లో ఉంచండి. గడ్డ తనంతట తానే పొడిగా రాలుతుంటే దాన్ని పూతకు అమ్మకండి.