చైన్‌సా నుంచి ఆయిల్ కారుతుంటే పంపు మార్చే ముందు చూడవలసినవి

పని ముగించి పక్కన పెట్టిన చైన్‌సా కింద తెల్లవారేసరికి చైన్ ఆయిల్ మడుగు కడుతోందని, మెకానిక్ పంపు మార్చాలన్నాడని రాశారు. పంపు కొనే ముందు ఒక్కరోజు ఆగండి. కోసేటప్పుడు చైన్‌కు ఆయిల్ సరిగ్గా అందుతోందా? అందుతుంటే పంపు తన పని తాను చేస్తున్నట్టే. ఊరికే పెట్టిన చోట కారుతుంటే ముందుగా అనుమానించవలసినవి వేరే మూడున్నాయి: ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే రబ్బరు గొట్టం, ట్యాంకు గాలిరంధ్రం, మూత కింద ఉండే రబ్బరు రింగు. మూడూ పంపుతో పోలిస్తే చవకైనవే.

అసలు అది లీకేనా అన్నది మొదట తేల్చుకోవాలి. చైన్ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా లోపలే తిరుగుతూ ఉండదు. చైన్‌ను తడిపి, రంపపు పొట్టుతో పాటు బయటికి పోతుంది. పెట్రోలు ట్యాంకు ఒకసారి అయిపోయేలోపు ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు ఖాళీ కావాలి. తయారీదారులు లెక్క చూసి పెట్టేదే అంత. అందువల్ల బార్ (చైన్ చుట్టి తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) గాడిలోనూ, ఇంజన్ తిప్పుడును చైన్‌కు అందించే క్లచ్ మీది కవర్ లోపలా పేరుకున్న పొట్టు బాగా ఆయిల్ పీల్చుకుని ఉంటుంది, మిషన్‌ను పక్కన పెట్టాక అది మెల్లగా దిగుతుంది. అరచేయంత మరకకు కంగారు పడనక్కరలేదు. ట్యాంకులో మట్టం చూడండి. సాయంత్రం నింపింది పొద్దునకు సగానికి దిగితే అది లీకే.

కారుతున్నది ఏమిటో కూడా వేలికి రాసుకుని చూడండి. చైన్ ఆయిల్ జిగటగా సాగుతుంది. పెట్రోలు వాసన వస్తే అది ఇంధనం లీకు, దాన్ని బాగు చేసేదాకా మిషన్ స్టార్టు చేయవద్దు. సైలెన్సర్ దగ్గర మాత్రమే నల్లటి జిడ్డు కనిపిస్తే అది పెట్రోలులో కలిపే టూ-స్ట్రోక్ ఆయిల్ పూర్తిగా కాలక మిగిలినది, ట్యాంకుతో దానికి సంబంధం లేదు.

ఇక పరీక్ష. ఇంజన్ పూర్తిగా చల్లారాక స్పార్క్ ప్లగ్ క్యాపు ఊడదీయండి. క్లచ్ కవర్, బార్, చైన్ తీసేసి, లోపలి పొట్టునంతా బ్రష్‌తో గీకి, కొద్దిగా కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఈ శుభ్రం చేయడంలో బద్ధకించారంటే తరువాత చూసేదంతా వృథా, ఎందుకంటే పాత ఆయిల్ కొత్త లీకులా కనిపిస్తుంది. ట్యాంకు నింపి, మూత గట్టిగా బిగించి, తెల్ల కాగితం పరిచిన అట్ట మీద మిషన్‌ను నిలబెట్టండి. పొద్దున దాకా వదిలేయకుండా గంటకోసారి చూడండి. పొద్దునకల్లా మడుగు కట్టేస్తే కారడం ఎక్కడ మొదలైందో తెలియదు. అనుమానమున్న చోట కాస్త ముఖానికి రాసుకునే పౌడరు చల్లితే మొదటి తడి ఇట్టే కనిపిస్తుంది.

నా చైన్‌సాకు కూడా పంపే పోయిందని చెప్పారు. నాకది నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే కోస్తున్నంతసేపూ చైన్ నిగనిగలాడుతూనే ఉండేది. కాగితం మీద మరక క్లచ్ వైపే పడింది. పంపు ఉండేదీ అక్కడే కాబట్టి అందరి అనుమానం దాని మీదికే పోతుంది. క్లచ్ విప్పి చూస్తే పంపు చుట్టూ పొడిగా ఉంది. తడి అంతా గొట్టం ట్యాంకు గోడలోంచి బయటికి వచ్చే చోటే. గొట్టాన్ని ఉన్నదున్నట్టుగా చూస్తే ఏ లోపమూ లేదు. వేలితో కాస్త పక్కకు వంచితే మెడ దగ్గర వెంట్రుకంత పగులు నోరు తెరిచింది, అందులోంచి ఆయిల్ చిన్న పూసలా ఊరి నిలిచింది. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడితే ముందు చిట్లేది ఆ మెడ దగ్గరే. మీరు కూడా గొట్టాన్ని తప్పకుండా వంచి చూడండి.

క్లచ్ విప్పడంలోనే చాలామంది మిషన్ పాడు చేసుకుంటారు. చాలా చైన్‌సాలలో దాని మర ఎడమచేతి మర, అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే వదులవుతుంది. క్లచ్ మీద బాణం గుర్తు ఉంటే దాన్ని నమ్మండి. క్లచ్ తిప్పేటప్పుడు పిస్టన్ కదలకుండా, స్పార్క్ ప్లగ్ తీసిన రంధ్రంలోంచి మెత్తటి తాడు దూర్చాలి. పిస్టన్ పైకి వచ్చి సైలెన్సర్ వైపు రంధ్రాన్ని మూసేశాకనే తాడు పెట్టండి, లేకపోతే అది రంధ్రంలో ఇరుక్కుని తెగుతుంది. తాడు కొస బయటే ఉంచుకోండి. స్క్రూడ్రైవర్ లాంటి ఇనుప వస్తువు మాత్రం లోపల పెట్టవద్దు.

కొత్త గొట్టం మీ మోడల్‌కు సరిపోయేదే తీసుకోండి. లావు కొద్దిగా తేడా ఉన్నా గోడ దగ్గర మళ్లీ కారుతుంది. దానికి కాస్త ఆయిల్ పూస్తే రంధ్రంలోకి సులువుగా జారుతుంది. ఎలాగూ విప్పారు కాబట్టి ట్యాంకు లోపల గొట్టం చివర ఉండే ఫిల్టర్‌ను వంచిన తీగతో బయటికి లాగి కడిగేయండి. తిరిగి బిగించేటప్పుడు ఒక సంగతి: కొన్ని మోడళ్లలో పంపును తిప్పే మర చక్రానికి ఒక తీగ కొస ఉంటుంది. అది క్లచ్ డ్రమ్ అంచున ఉన్న గాటులో కూర్చోవాలి. కూర్చోకపోతే చైన్ తిరుగుతుంది కానీ పంపు తిరగదు, ఎండు చైన్ బార్‌ను తినేస్తుంది.

గొట్టం బాగుంటే గాలిరంధ్రం చూడండి. ఆయిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలిని రానిచ్చి, ఆయిల్‌ను మాత్రం బయటికి పోనివ్వని చిన్న వాల్వు అది. వాల్వు వదులైతే ఆయిల్ అక్కడి నుంచే కారుతుంది. పొట్టుతో పూడుకుపోతే కోస్తుండగా ఆయిల్ క్రమంగా తగ్గిపోతుంది. అప్పుడు ఇంజన్ ఆపి, మూత ఒకసారి వదులు చేసి బిగించాక ఆయిల్ మళ్లీ వస్తే దోషం ఈ రంధ్రానిదే. దాన్ని సూదితో పొడవకండి, వాల్వు చిరుగుతుంది. శుభ్రం చేసినా బాగుపడకపోతే మార్చేయడమే మేలు.

వేడిగా ఉన్న మిషన్‌ను పక్కన పెట్టినప్పుడో ఎండలో ఉంచినప్పుడో ట్యాంకులోని గాలి వ్యాకోచించి, ఏ లోపమూ లేకపోయినా ఆయిల్‌ను పంపు గుండా బయటికి తోస్తుంది. పని అయ్యాక ఇంజన్ చల్లారనిచ్చి, మూత ఒకసారి తెరిచి ఆ ఒత్తిడిని వదిలేసి మళ్లీ బిగించడం నాకు అలవాటైపోయింది. ఎక్కువ రోజులు వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెడతాను.

మూత రింగు చదునుగా అణిగినా, అంచున చిట్లినా మార్చేయండి. ట్యాంకే పగిలితే జిగురు పూసి సరిపెట్టాలని చూడకండి. ఆయిల్ పీల్చిన ప్లాస్టిక్‌కు జిగురు సరిగా అంటదు. ట్యాంకు ఇంజన్ కేసులో భాగమై, కేసు రెండు సగాలు కలిసే చోట కారుతుంటే మాత్రం ఆ సగాల మధ్య ఉండే గ్యాస్కెట్ (సందు మూసే పలచటి పొర) మార్చాలి, అంటే ఇంజన్ మొత్తం విప్పాలి. దాన్ని నేర్చినవాళ్లకే వదిలేయండి.

కారడం తగ్గుతుందని పంపు స్క్రూ తిప్పి ఆయిల్ తగ్గించడం నాకు అసలు నచ్చని పని. లీకు అలాగే ఉంటుంది, చైన్ మాత్రం ఎండిపోతుంది. పాత ఇంజన్ ఆయిల్ పోయడమూ అంతే. అందులోని లోహపు రజను పంపును అరగదీస్తుంది, పైగా చర్మానికి హాని.

అంతా బిగించాక బార్ కొసను తెల్ల అట్టకు జానెడు దూరంలో పట్టి ఇంజన్‌ను కాసేపు మధ్య వేగంలో నడపండి. అట్ట మీద సన్నటి ఆయిల్ గీత పడితే పంపు బాగున్నట్టే. కాగితం మీద మొదటి తడి ఎక్కడ కనిపించిందో, మీ చైన్‌సా మోడల్ ఏమిటో రాయండి, ఏ భాగం విప్పాలో చెబుతాను.